జమాఖర్చులు: చుక్కలు పోయి గళ్ళొచ్చాయి



పోయిన దీపావళి పాట్‌లక్‌లో పులిహోర గిన్నె దగ్గర నలుగురు నన్ను పట్టుకున్నారు. "మీరు కేబుల్ తీసేసి చాలా ఏళ్ళయిందటగా? ఎలా చేశారు? నెలకెంత మిగుల్తోంది?" అని. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో గరిటె, వెనకాల పెద్ద క్యూ. ఆ హడావిడిలో "మిగిలిందండీ, బాగానే మిగిలింది" అని తప్పించుకున్నాను. ఈ శీర్షిక పేరే జమాఖర్చులు కనక పూర్తి లెక్క ఇక్కడ రాస్తున్నాను. జమ ముందు, ఖర్చు తరవాత.

నేను 1993లో పెళ్ళి చేసుకుని న్యూజెర్సీ వచ్చేనాటికి ఇక్కడ తెలుగు చూడాలంటే వీడియో కేసెట్టే గతి. ఇండియన్ కొట్లో కందిపప్పు సంచుల పక్కన అద్దెకిచ్చేవాళ్ళు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. హీరో ఎవరో తెలియాలంటే నోరు విప్పేదాకా ఆగాలి. 1995 ఆగస్టులో ఈటీవీ మొదలైందని అమ్మ ఉత్తరంలో రాస్తే, "ఇరవై నాలుగ్గంటలూ తెలుగేనా!" అని ఆశ్చర్యపోయిన వాళ్ళం మేం. ఆ తరవాత కొన్నేళ్ళకి నెలసరి చందా కట్టి ఇంటి మీద డిష్ పెట్టించుకుంటే మనకీ తెలుగు ఛానళ్ళు వచ్చాయి. ఇంగ్లీషుకి కేబుల్, తెలుగుకి డిష్. రెండు బిల్లులు.

మావారికి ఒక గుణం ఉంది. బిల్లు వస్తే కట్టే ముందు చదువుతారు. 2016 ఏప్రిల్లో ఓ ఆదివారం కాఫీ తాగుతూ కేబుల్ బిల్లు రెండో పేజీ చదివారు. మూడు పెట్టెలకి అద్దె. ఊళ్ళో ఛానళ్ళు అందించినందుకు విడిగా ఒక రుసుము. మా ఇంట్లో ఎవరూ చూడని ఆటల ఛానళ్ళకి ఇంకో రుసుము. ఇంటర్నెట్టుతో కలిపి 142 డాలర్లు. తెలుగు డిష్‌కి మరో 45. మొత్తం 187. "ఏడాదికి రెండువేల రెండొందల పైచిలుకు! ఇండియాకి ఒక టిక్కెట్టు దీంట్లో పోతోంది" అన్నారాయన. ఇంటి పద్దు రాసేది నేను. "అయితే తీసేద్దాం" అన్నది కూడా నేనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదట ఏంటెన్నా. చాలామందికి తెలియదు గానీ, అమెరికాలో పెద్ద ఛానళ్ళన్నీ ఇప్పటికీ గాల్లో ఉచితంగానే వస్తాయి. 2009 జూన్ 12 నాటికి పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారాలు ఆపేసి డిజిటల్‌కి మారాయి. అప్పుడు పాత టీవీలకి తగిలించుకునే పెట్టెల కోసం ప్రభుత్వం నలభై డాలర్ల కూపన్లు కూడా పంచింది. మేం ఉండేది ఎడిసన్ దగ్గర. న్యూయార్క్ టవర్లు మాకు ఈశాన్యంగా ముప్ఫై మైళ్ళ లోపు. మావారు 58 డాలర్లు పెట్టి ఏంటెన్నా కొని, అటక మీదికి ఎక్కారు. అక్కణ్ణించి ఒకటే అరుపు: "వచ్చిందా?"

కింద టీవీ ముందు అత్తయ్యగారు. మామయ్యగారు పోయాక 2012లో మా దగ్గరికి వచ్చేశారు. ఆ అరుపు వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. 1987లో రామాయణం సీరియల్ వచ్చే రోజుల్లో, తణుకు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఈయనే డాబా ఎక్కి ఏంటెన్నా తిప్పేవారట. కింద నుంచి ఆవిడ "చుక్కలు పోలేదురా, ఇంకాస్త చెరువు వైపు తిప్పు" అనేవారట. ముప్ఫై ఏళ్ళ తరవాత అదే కొడుకు, అదే అరుపు. ఆవిడ తెరకేసి తేరిపార చూసి, "చుక్కలు లేవురా, గళ్ళొస్తున్నాయి" అన్నారు.

దానికంటే బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. పాత సిగ్నల్ బలహీనమైతే బొమ్మ మసకేసి చుక్కలొచ్చేవి, అయినా చూడగలిగేవాళ్ళం. డిజిటల్‌లో సగం సగం ఉండదు. సరిపడా సిగ్నల్ ఉంటే బొమ్మ అద్దంలా ఉంటుంది, తగ్గితే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. రెండడుగులు జరిపేసరికి గళ్ళు పోయాయి. 2, 4, 5, 7, 11, 13 అన్నీ వచ్చేశాయి. నెలకి ఒక్క సెంటు కట్టక్కర్లేదు. పెద్ద గాలివాన వచ్చి ఇంటర్నెట్టు పోయినా, కరెంటుంటే ఇవి వస్తాయి.

రెండోది ఉచిత డిష్. ఈ ఆలోచన అత్తయ్యగారిదే. "మా చెల్లెలింటి మీద గొడుగుందిరా. కొన్నప్పుడు కట్టిందే, నెలకి పైసా కట్టదు. అది ఇక్కడ దొరకదా?" అన్నారు. ఆవిడ చెప్పింది మన దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డిడి డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. మావారు ఒక కమలాపండు తెచ్చి, అటు తణుకు, ఇటు ఎడిసన్ అని పెన్నుతో చుక్కలు పెట్టి చూపించారు. ఆ ప్రసారాలు వచ్చే ఉపగ్రహం భూమధ్యరేఖకి పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. మనం ఉన్నది 74 డిగ్రీల పశ్చిమాన. అంటే దాదాపు సరిగ్గా పండుకి అవతలి వైపు. ఎంత పెద్ద గొడుగు పెట్టినా మధ్యలో భూగోళం అడ్డం. అత్తయ్యగారు ఆ పండు తీసుకుని, "ఇంత దూరం వచ్చేశానా!" అని ఒలిచి మనవడికి పెట్టారు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. అప్పట్లో ఇక్కడ 97 డిగ్రీల పశ్చిమాన గేలక్సీ 19 అనే ఉపగ్రహం మీద చందా లేని విదేశీ ఛానళ్ళు వచ్చేవి. డిష్షూ, రిసీవరూ కలిపి 150 డాలర్లు. మా కాలనీ పెద్దలు "ఇంటి బయట డిష్ కుదరదు" అని ఉత్తరం పంపారు. మీకూ ఇలాంటి ఉత్తరం వస్తే ఒకటి తెలుసుకోండి: 1996 నుంచీ ఫెడరల్ నిబంధన ఒకటుంది. మన సొంత స్థలంలో మీటరు వెడల్పు లోపు డిష్షుని కాలనీ సంఘం ఊరికే కాదనడానికి లేదు. మావారు ఆ నిబంధన కాయితం జతచేసి జవాబు రాశారు. మళ్ళీ ఉత్తరం రాలేదు.

చెట్లు అడ్డం లేకుండా పెరట్లో నైరుతి మూల డిష్ నిలబెట్టారు. అది చూసేదీ నైరుతి వైపే. అత్తయ్యగారు కిటికీలోంచి చూసి, "ఈశాన్యంలో తేలిక, నైరుతిలో బరువు. ఇంజనీరింగు సంగతేమో గానీ వాస్తు బాగానే వచ్చు మావాడికి" అన్నారు. అరబ్బీ వచ్చింది, థాయ్ వచ్చింది, రకరకాల మత ప్రచారాలు వచ్చాయి. తెలుగు మాత్రం రాలేదు. నెల్లాళ్ళు చూసి విప్పేశాం. ఆ గొడుగు ఇప్పుడు పెరట్లో వెల్లకిలా పడుకుని ఉంది. వానాకాలంలో పిచ్చికలు అందులో స్నానం చేస్తాయి.

మూడోది, టీవీకి గుచ్చే స్టిక్. అత్తయ్యగారు దానికి 'పుల్ల' అని పేరు పెట్టారు. ఇంటర్నెట్టులోంచి ఛానళ్ళు లాగి టీవీలో పెడుతుంది. ఈ రకం వాటిలో రోకు పెట్టె 2008లోనే వచ్చింది. 2013లో క్రోమ్‌కాస్ట్ 35 డాలర్లకి వచ్చాక, ఆ మరుసటి ఏడు ఫైర్ స్టిక్ వచ్చాక ధర అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెలుగు ఛానళ్ళకి యప్‌టీవీ లాంటివి 2000ల నాటి నుంచే ఉన్నాయి. మేం రెండు పుల్లలు 80 డాలర్లకి కొన్నాం. డిష్‌లో వచ్చే తెలుగు ఛానళ్ళే ఇంకా తక్కువలో వచ్చాయి. ఇంటర్నెట్టుకి 65, తెలుగుకి 20. మొత్తం 85. నెలకి 102 డాలర్లు మిగులు, ఏడాదికి 1,224. ఏంటెన్నా, వైర్లు, డిష్షు, పుల్లలు అన్నిటికీ కలిపి 310 ఖర్చయితే, నాలుగో నెల తిరక్కుండానే అది రాబట్టేశాం. ఆ ఏడాది పద్దు పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఇక్కడ ఒక తప్పు కూడా రాయాలి. అప్పుడే ఎవరో తెలిసినాయన ద్వారా ఒక పెట్టె మా ఇంటికొచ్చింది. "ఒక్కసారి 200 కట్టండి, జన్మంతా అన్ని ఛానళ్ళూ, శుక్రవారం సినిమా శనివారానికల్లా" అన్నాడు. కొన్నాం. దొంగసరుకని తెలియక కాదు, తెలిసే కొన్నాం. నాలుగు నెలలకి పెట్టె మూగబోయింది, అమ్మినవాడి ఫోనూ మూగబోయింది. 2020 డిసెంబరులో ఇలాంటి దొంగ ప్రసారాల వ్యాపారం నడిపేవాళ్ళకి ఇక్కడ శిక్షలు పెంచుతూ చట్టం వచ్చింది. చట్టం సంగతలా ఉంచితే, మన సంఘం స్టేజీ మీద సినిమావాళ్ళకి శాలువాలు కప్పి, ఇంటికొచ్చి వాళ్ళ సినిమా దొంగపెట్టెలో చూడ్డం ఏం మర్యాద? ఆ 200 దండుగ పద్దులో రాశాను.

ఇక అసలు ఖర్చు.

పాత చందా డిష్‌లో ప్రతి ఛానల్‌కీ ఒక నంబరుండేది. అత్తయ్యగారికి ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఏ సీరియల్ ఏ నంబరో, వార్తలు ఏ నంబరో, అన్నీ నోటికి వచ్చు. మా ఇంటికి ఎవరి అత్తగారొచ్చినా వాళ్ళకీ చెప్పేవారు. ఇంట్లో ఆవిడ ఎవర్నీ అడక్కుండా చేసుకునే పనులు మూడు: పూజ, కాఫీ, టీవీ. పుల్ల వచ్చాక నంబర్లు పోయాయి. తెర నిండా బొమ్మలు, వాటి కింద ఇంగ్లీషు పేర్లు. రిమోటు మీద అంకెలే లేవు.

మొదటి వారంలోనే ఆవిడ ఏదో నొక్కితే సినిమా కొనే పేజీ వచ్చింది. నొక్కితే ఆరు డాలర్లు. నేను ఆఫీసుకి తయారయ్యే హడావిడిలో ఉన్నాను. "అత్తయ్యా, మీరు దాన్ని ముట్టుకోకండి. పొద్దున్న నేను పెట్టేసి వెళ్తాను, సాయంత్రం పిల్లలు మారుస్తారు" అన్నాను. కోపంగా ఏం అనలేదు. మామూలుగానే అన్నాను. ఆవిడ "అలాగేనమ్మా" అన్నారు.

2017 జనవరిలో ఓ రోజు మంచు తుఫాను వస్తోందని ఆఫీసు ఒంటిగంటకే మూసేశారు. పిల్లల బడి ఇంకా వదల్లేదు. తలుపు తీసుకుని లోపలికొస్తే ఇల్లంతా నిశ్శబ్దం. అత్తయ్యగారు సోఫాలో కూర్చుని ఉన్నారు, శాలువా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగా టీవీ. తెర మీద కదలని బొమ్మ, మధ్యలో ఒక చిన్న గడి, అందులో ఇంగ్లీషులో ఒక ప్రశ్న: "ఇంకా చూస్తున్నారా?"

నాలుగ్గంటలు ఎవరూ ఏ బటనూ నొక్కకపోతే అది ఆగిపోయి అలా అడుగుతుంది. అవునని నొక్కితే మళ్ళీ నడుస్తుంది. నేను ఏడింటికి పెట్టి వెళ్ళేదాన్ని. అంటే పదకొండింటికి ఆగిపోయేది.

"ఎంతసేపైంది అత్తయ్యా ఇది ఆగిపోయి?"

"రోజూ ఆగిపోతుందమ్మా, పదకొండింటికి. దానికీ కాస్త విశ్రాంతి కావాలి కాబోలు అనుకున్నాను."

"నాకు ఫోన్ చేయచ్చు కదా?"

"ఆఫీసులో ఉంటావు. దీనికోసం ఫోనెందుకూ. పిల్లలు మూడింటికి వస్తారుగా."

"ఒక్క బటన్ నొక్కితే వచ్చేసేదే..."

"ముట్టుకోవద్దన్నావుగా, తల్లీ. మళ్ళీ డబ్బు పోతుందేమోనని."

నింద లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టంగా అనిపించింది. పెట్టిన బూట్లతోనే ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. మే నుంచి జనవరి దాకా లెక్కేసుకుంటే ఎనిమిది నెలలు. రోజుకి నాలుగ్గంటలు. సాయంత్రాలు మేం నలుగురం ఉన్నప్పుడు టీవీ బాగానే నడిచేది. అందుకే మాకెవరికీ తెలియలేదు. "అత్తయ్యా, మధ్యాహ్నం ఏం చూశారు?" అని నేను అడిగితే, "ఏదో వచ్చిందమ్మా" అనేవారు. నేను కూర తరుగుతూ అడిగేదాన్ని, జవాబు సరిగ్గా వినేదాన్ని కాదు.

ఆ రాత్రి మావారికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. "పాత డిష్ మళ్ళీ పెట్టిద్దాం" అన్నారు చివరికి. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నేర్పితే నేర్చుకోనా? టైపు మిషనులా ఉన్న మీ మామయ్యగారి రేడియోని బాగుచేసుకున్నదాన్ని" అన్నారు.

ఆ శనివారం నా స్టిక్కర్ బొట్ల పేకెట్టు తెచ్చాను. రిమోటు మీద 'ఇల్లు' బటన్‌కి ఎర్ర బొట్టు, 'సరే' బటన్‌కి ఆకుపచ్చ బొట్టు, 'వెనక్కి' బటన్‌కి నల్ల బొట్టు. డబ్బు పెట్టి కొనే దారికి నాలుగంకెల పిన్ పెట్టాం, ఏం నొక్కినా పైసా పోకుండా. తెర మీద మొదటి వరసలో ఆవిడ ఛానళ్ళే పెట్టాం. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు దిద్దమంటే ఏడ్చే పిల్లాడు. వాడు కూర్చుని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఆగిపొతే పచ్చ బొటు నోకు. తపు అయితే నల బొటు. ఎమి తెలికపొతే ఎర బొటు.' అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, పెన్సిల్ తీసుకుని ఒత్తులన్నీ దిద్దారు. వాడు మళ్ళీ రాశాడు. మూడోసారికి తప్పుల్లేవు. ఒత్తు ఎందుకు పెట్టాలో వాడికి ఆ రోజు అర్థమైంది. ఒత్తు లేకపోతే నానమ్మ టీవీ నడవదు.

ఆ అట్ట ఇప్పటికీ టీవీ పక్కన ఉంది. వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. 2017లోనే ఆగస్టు నుంచి గూగుల్ తెలుగు మాటలు విని అక్షరాలుగా రాయడం మొదలుపెట్టింది. అత్తయ్యగారు ఇప్పుడు టాబ్లెట్‌తో "చాగంటి వారి భాగవతం పెట్టు నాయనా" అంటారు, 'నాయనా' కూడా కలిపి. అది ఆ మాటతో సహా వెతికిపెడుతుంది. అయినా ఆవిడకి అన్నిట్లోకీ నచ్చేది అటక మీది ఏంటెన్నాయే. అందులో నంబర్లున్నాయి. 7 నొక్కితే 7 వస్తుంది. పొద్దున్నే వాతావరణం చూసి, "రేపు మంచుట, కారు లోపల పెట్టుకోండి" అని మాకు చెప్పేది ఆవిడే.

జమ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2016లో 85 ఉన్న బిల్లు అలాగే ఉండలేదు. పిల్లలకొక చందా, మావారి క్రికెట్టుకొకటి. 2020లో తెలుగు సినిమాలకి ఆహా వచ్చాక అదొకటి. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే, కలిపితే కిందటి నెల 139 అయింది. ఆరు నెలలకోసారి కూర్చుని, చూడనివి కొట్టేయకపోతే కేబుల్ వెళ్ళిన గుమ్మంలోంచే మళ్ళీ కేబుల్ వస్తుంది, పేర్లు మార్చుకుని.

పులిహోర దగ్గర అడిగిన వాళ్ళకి నా సలహా ఇదీ. తీసేయండి, తప్పులేదు. ముందు ఏంటెన్నా పెట్టి మీ ఊళ్ళో ఏమేం వస్తాయో చూసుకోండి. ఉచిత డిష్ మీద తెలుగు వస్తుందని ఆశపడి కొనకండి. దొంగపెట్టె జోలికి పోకండి. కేబుల్ వాళ్ళకి ఫోన్ చేసే ముందు మాత్రం ఒక పని చేయండి. ఒక రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. కొత్త రిమోటు మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, మీరు పక్క గదిలో కూర్చోండి. మీరు లేచి వెళ్ళకుండా మధ్యాహ్నం దాటితే, అప్పుడు ఫోన్ చేయండి.

మా పద్దు పుస్తకంలో 2016 పేజీ మొన్న మళ్ళీ తీశాను. 1,224 కింద నేను గీసిన రెండు గీతలు అలాగే ఉన్నాయి. వాటి కింద ఖర్చు వైపు, ఇన్నేళ్ళకి, ఒక వరస చేర్చాను: 'అత్తయ్యగారి మధ్యాహ్నాలు, ఎనిమిది నెలలు.' అంకె దగ్గర ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను.

ఈసారి ఉగాది పచ్చడి మా ఇంటి నుంచే వస్తోంది. స్టిక్కర్ బొట్లు కూడా రెండు పేకెట్లు తెస్తాను. కావలసిన వాళ్ళు మొహమాటపడకుండా అడగండి.